‘మందు’ ఒంటికి మందవుతుందా?

పురుగుకు కొట్టేదీ మందే, జ్వరానికి మింగేదీ మందే, పొద్దుగూకాక గ్లాసులో పోసుకునేదీ మందే. పేరు ఒకటే కావడం వల్లనో ఏమో, మూడో దానికి కూడా ఏవో గుణాలు ఉంటాయని పల్లెల్లో గట్టి నమ్మకం. ఒళ్లు నొప్పులకు ఒక గుక్క, చలికి ఒక గుక్క, ఎండకు ముంతెడు కల్లు, కిడ్నీలో రాయికి బీరు, పసిపిల్ల జలుబుకు చెంచాడు బ్రాందీ. ఇలా ప్రతి బాధకూ ఒక లెక్క ఉంది. వీటిలో చాలావరకు జేబుకు చిల్లు పెట్టే నమ్మకాలే. ఒకటి రెండు మాత్రం నేరుగా ప్రాణం మీదికి తెస్తాయి. ముందు వాటి సంగతి చూద్దాం.

పిచికారీకి వెళ్తూ గుక్క

పత్తి, మిరప చేలకు మందు కొట్టేవాళ్లలో కొందరు పంపు భుజాన వేసుకునే ముందో, దించిన వెంటనేనో ఒక పెగ్గు వేసుకుంటారు. ‘లోపల సరుకు పడితే విషం ఎక్కదు’ అంటారు. ఇంకొందరు, ఆ కంపు భరించలేక తాగుతాం అంటారు. ఈ రెండో మాటలో నిజం లేకపోలేదు. తాగితే కంపు అంతగా తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది. ఘాటు వాసన, కళ్ల మంట, తల తిప్పడం అన్నవి గాలి ఎదురు తిరిగిందనో, పంపు కారుతోందనో మనకు అందే హెచ్చరికలు. ఆ హెచ్చరిక వినపడకుండా చేసుకుని అదే సాలులో నడుస్తున్నామన్నమాట.

విషం ఎక్కకుండా సారా ఆపుతుందన్నది మాత్రం ఒట్టి మాట. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి మందులు నరాలకు సంబంధించిన ఒక ఎంజైమును కట్టిపడేస్తాయి. కండరానికి నరం ఇచ్చే ఆజ్ఞను ఎప్పటికప్పుడు ఆపడం ఆ ఎంజైము పని. అది లేకపోతే ఆజ్ఞ ఆగదు. నోట చొంగ, ఒళ్లంతా చెమట, వాంతులు, విరేచనాలు, కండరాలు అదరడం, కంటిపాప గుండుసూది మొనంత చిన్నది కావడం, చివరికి ఊపిరి అందకపోవడం వరుసగా వస్తాయి. బ్రాందీ అయినా, విస్కీ అయినా, నాటు సారా అయినా ఆ ఎంజైమును విడిపించలేదు. దానికి ఆసుపత్రిలో అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ ఇంజెక్షన్లు ఉన్నాయి. అవి కూడా త్వరగా పడితేనే పని చేస్తాయి.

ఇంకో సంగతి కూడా గమనించాలి. మద్యం పట్టించిన ఎలుకల మీద చేసిన పరీక్షల్లో 2,4-డి వంటి కలుపు మందులు చర్మం గుండా మామూలు కన్నా ఎక్కువగా లోపలికి దిగాయి. చేతికి తొడుగు, ఒంటికి నిండు చొక్కా లేకుండా తిరిగే మన పిచికారీ పద్ధతికి ఇది మంచి కబురు కాదు.

వీటన్నింటినీ మించిన ప్రమాదం మరొకటి ఉంది. తాగిన మనిషి తూలతాడు, మాట ముద్దగా వస్తుంది, వాంతి చేసుకుంటాడు. మందు సోకిన మనిషి కూడా అంతే. నోటి దగ్గర సారా కంపు కొడితే పక్కవాళ్లు ఏమనుకుంటారు? ‘ఎక్కువైంది, కాసేపు పడుకోనివ్వండి’ అని చెట్టు కింద పడుకోబెడతారు. విలువైన గంట, రెండు గంటలు అక్కడే పోతాయి. అందుచేత, మందు కొట్టి వచ్చినవాడు తాగి ఉన్నా సరే, పైన చెప్పిన లక్షణాల్లో ఏది కనిపించినా విషం సోకినట్టే లెక్కగట్టండి. బట్టలు విప్పేసి ఒంటిని సబ్బుతో కడగండి. 108కి ఫోన్ చేయండి. మందు డబ్బానుగానీ, దాని లేబులునుగానీ వెంట తీసుకెళ్లండి. తాగాడన్న సంగతి డాక్టరు దగ్గర దాచవద్దు. పరువు గురించి తర్వాత ఆలోచించుకోవచ్చు.

విత్తనశుద్ధి చేసిన రోజు

ఇది చాలామందికి తెలియని విషయం. వేరుశనగ, శనగ విత్తనానికి తైరమ్ పట్టిస్తుంటారు కదా. ఆ పొడి చేతులకు అంటి, ముక్కులోకి పోయిన రోజున తాగితే కొందరికి ముఖం ఎర్రబడి, తల పగిలిపోతున్నట్టు నొప్పి, వాంతులు, గుండె దడ వస్తాయి. సరుకు కల్తీదని దుకాణదారును తిట్టుకుంటారు. అసలు కారణం వేరు. మద్యం ఒంట్లో ముందుగా ఎసిటాల్డిహైడ్ అనే ఘాటు పదార్థంగా మారుతుంది. ఆ తర్వాత అది విరిగి హాని లేనిదవుతుంది. తైరమ్ ఈ రెండో మెట్టును అడ్డుకుంటుంది. దాంతో ఘాటు పదార్థం ఒంట్లోనే నిలబడిపోతుంది. 1930లలో అమెరికాలో రబ్బరు రసాయనాల కర్మాగారంలో పనిచేసేవాళ్లు తాగలేకపోతున్నారని అక్కడి డాక్టరు గమనించాడు. అక్కడ వాడినవి ఈ జాతి రసాయనాలే. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర తైరమ్‌కు దగ్గరి చుట్టం. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఈ దెబ్బ చిన్నది కాదు. విత్తనశుద్ధికి కూర్చుంటే ఆ రోజూ, మర్నాడూ సీసా జోలికి పోవద్దు.

ఒళ్లు నొప్పులకు క్వార్టరు

దినమంతా నడుం వంచి నాటు వేసినవాడికి, బస్తాలు మోసినవాడికి నొప్పులు ఉంటాయి. తాగితే నొప్పి తెలియదన్న మాట నిజమే. తెలియకుండా పోతుంది గానీ తగ్గదు. లెక్క చూడండి. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో, 42.8 శాతం చొప్పున, సుమారు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. మన కాలేయం గంటకు ఏడు నుంచి పది గ్రాములు మాత్రమే విరగ్గొట్టగలదు. అంటే రాత్రి తొమ్మిదింటికి దింపుకున్న క్వార్టరు తెల్లవారుజామున మూడు, ఐదింటి దాకా లోపలే ఉంటుంది. పడిన వెంటనే నిద్ర వస్తుంది. కానీ నడిరాత్రి దాటాక ఆ నిద్ర ముక్కలవుతుంది. పొద్దున లేస్తే ఒళ్లు మరింత బరువు. అప్పుడు ‘నిన్నటి పని అలాంటిది’ అంటాం, నిన్నటి సీసాను అనం.

బలం వస్తుందన్నదీ అంతే. ఆ 60 గ్రాములకు నాలుగు వందల పైచిలుకు కేలరీలు ఉన్న మాట వాస్తవం. వాటిలో మాంసకృత్తులు లేవు, ఖనిజాలు లేవు. పైగా ఆకలి చచ్చి అన్నం పక్కకు పోతుంది. ఖర్చు సంగతి మీకే వదిలేస్తాం. వారానికి నాలుగు క్వార్టర్లు అనుకుంటే ఏడాదికి 208 అవుతాయి. మీ ఊరి ధరతో హెచ్చవేసి, ఎకరానికి మీరు కొనే ఎరువు బిల్లు పక్కన పెట్టి చూసుకోండి.

చలికి వెచ్చన, ఎండకు చల్లన?

ఒకే సరుకు చలికాలంలో వేడి, ఎండాకాలంలో చలువ ఎలా చేస్తుందని ఎవరూ అడగరు. తాగగానే చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, ఒళ్లు వెచ్చబడ్డట్టు ఉంటుంది. నిజానికి లోపలి వేడి బయటికి పోతోంది. రాత్రి నీళ్లు పెట్టడానికో, కావలికో వెళ్లేవాడికి దుప్పటి పనికొస్తుంది, గుక్క పనికిరాదు.

ఎండ సంగతి ఇంకా చెడ్డది. మద్యం మూత్రం ఎక్కువగా పోయేలా చేస్తుంది. చెమటతో ఇప్పటికే నీరు పోయిన ఒంటికి ఇది రెండో దెబ్బ. మే నెలలో వడదెబ్బకు ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, ఓఆర్ఎస్ పొట్లం ఉండగా బీరు సీసా ఎందుకు?

కల్లు, నీరా ఒకటి కావు

ఇక్కడ కొంచెం నిదానించాలి. చెట్టు మీద నుంచి అప్పుడే దించిన తాటి నీరాలో నూటికి పది, పన్నెండు పాళ్లు చక్కెర, కొన్ని ఖనిజాలు ఉంటాయి. పులియకుండా కుండ లోపల సున్నం పూస్తారు, చల్లగా ఉంచుతారు. అలా ఉంచిన నీరా మంచి పానీయమే, చక్కెర జబ్బు ఉన్నవాళ్లు తప్ప. దాన్ని కాచితే తాటి బెల్లం. తాటి ఉత్పత్తుల మీద పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో చాలాకాలంగా పని జరుగుతోంది. హైదరాబాదులో ప్రభుత్వం 2023లో నీరా కేఫ్ కూడా తెరిచింది.

కానీ మామూలు కుండలో పడ్డ రసం చెట్టు మీదే పులవడం మొదలుపెడుతుంది. ఈస్టు ఆ చక్కెరను తిని ఆల్కహాలు చేస్తుంది. సాయంత్రానికి అది బీరుతో సమానం. ‘కల్లు ఒంటికి మంచిది’ అనేవాళ్లు పొద్దుటి నీరా గుణాలు చెప్పి సాయంత్రపు కల్లు తాగుతుంటారు. అదీ చెట్టు కల్లు అయితే. చెట్లు తక్కువగా ఉండి దుకాణంలో కల్లు మాత్రం ఎప్పుడూ ఉండే చోట అందులో ఏం కలుపుతున్నారో అనుమానించాల్సిందే. క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రాజోలామ్ వంటి మత్తుమందులు కలపడం తెలంగాణలో పాత రోగం. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఇందులో గీత కార్మికుడి తప్పు ఏమీ లేదు. ప్రాణాలకు తెగించి చెట్టెక్కేవాడికీ కల్తీవాడే శత్రువు.

బీరుతో కిడ్నీ రాయి కరగదు. మూత్రం ఎక్కువ వస్తుంది, నీళ్లు తాగినా వస్తుంది. పైగా బీరు యూరిక్ ఆమ్లాన్ని పెంచుతుంది, కొన్ని రకాల రాళ్లకు అదే మూలం. పసిబిడ్డకు చెంచాడు బ్రాందీ పోస్తే రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ రావచ్చు. బాలింత తాగితే పాలు పెరగవు, తగ్గుతాయి. ఆ పాలతోపాటు బిడ్డకూ ఆల్కహాలు అందుతుంది. పాము కరిస్తే తాగించడం గురించి చెప్పనే అక్కర్లేదు.

పట్నం నుంచి వచ్చిన నమ్మకం

చదువుకున్నవాళ్లు మరో మాట చెబుతారు: ‘కొంచెం తాగితే గుండెకు మంచిదని పేపర్లో వచ్చింది.’ వచ్చిన మాట నిజం. ఫ్రాన్సు దేశస్తులు వెన్న, మాంసం బాగా తిన్నా గుండెపోట్లు తక్కువని, దానికి ఎర్ర ద్రాక్షసారా కారణం కావచ్చని 1990ల మొదట్లో ప్రచారం సాగింది. తర్వాత లెక్క తిరగేసి చూస్తే లొసుగు కనిపించింది. ‘తాగనివాళ్లు’ అన్న జాబితాలో జబ్బు చేసి మానేసినవాళ్లూ ఉన్నారు. కొద్దిగా తాగేవాళ్లలో చాలామంది తిండికి, వైద్యానికి లోటు లేనివాళ్లు. గట్టును చూసి పంట దిగుబడి చెప్పినట్టుంది యవ్వారం. మద్యం క్యాన్సరు తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. ఇంత తాగితే ఫర్వాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.

చుట్ట సంగతీ ఇదే కోవలోది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో ఆడవాళ్లు నిప్పు నోట్లోకి పెట్టి కాల్చే అడ్డపొగ పంటి నొప్పికి మంచిదంటారు. నికోటిన్ కాసేపు మొద్దుబారుస్తుంది, నిజమే. ఆ వేడికీ పొగకూ అంగిలి తెల్లబడి, పుండుపడి క్యాన్సరుగా మారడాన్ని డాక్టర్లు దశాబ్దాలుగా చూస్తున్నారు. పొగాకు, మద్యం రెండూ ఉన్నవాడికి నోరు, గొంతు క్యాన్సర్ల ముప్పు కూడిక కాదు, హెచ్చవేత. వీటి పక్కన టీ చాలా నయం. అన్నంతోపాటు మాత్రం తాగకండి, తిండిలోని ఇనుము ఒంటబట్టదు. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లు తిన్నాక గంట ఆగి తాగడం మంచిది.

మానేటప్పుడు

ఇది చదివి ఎవరైనా ఈ రాత్రి నుంచే మానాలనుకుంటే సంతోషమే. అయితే ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, లేనివి కనిపించడం, ఫిట్స్ రావడం జరగవచ్చు. కల్తీ కల్లుకు అలవాటు పడినవాళ్లకూ అంతే. దీన్ని చూసి ‘మానితే ఒంటికి పడలేదు, మళ్లీ పోయండి’ అని ఇంట్లోవాళ్లే తెచ్చి పోస్తుంటారు. అలా చేయవద్దు. ముందుగా ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరుకు చూపించి, ఆయన ఇచ్చే మాత్రల మీద మాన్పించాలి. మత్తు మాన్పించడానికి కేంద్ర ప్రభుత్వం నడిపే 14446 నంబరుకు ఫోన్ చేయడానికి డబ్బులు పడవు. తాగేవాడే చేయాలని లేదు, భార్య చేసినా, కొడుకు చేసినా దారి చెబుతారు.