ఆంగ్లదేశమున అద్దాల గది

ఉద్యోగవశమున ఆంగ్లదేశమున కేగి, అచ్చట నిల్లు కొనుక్కొని స్థిరపడిన తెలుగు కుటుంబములు నేడు పెక్కు గలవు. ఎండ కఱవైన యా సీమలో, ఇంటి వెనుకగోడకు జేర్చి గాజుతో గట్టించు గదికి కన్సర్వేటరీ యని పేరు. తులసికుండీ యుంచుకొనుటకు, పిల్లలు వెలుతురున నాడుకొనుటకు అట్టిగది కావలెనని మన సోదరీమణులు కోరుట సహజమే.

మన స్థలమున మన సొమ్ముతో గట్టుకొనుటకు ఒరుల యనుమతి యేల యని తలంపరాదు. 1948 జూలై 1వ తేదీన నూతన ప్రణాళికా శాసనము అమలునకు వచ్చినది మొదలు ఆ దేశమున కట్టడములకు స్థానిక కౌన్సిలు అనుమతి వలయును. అయినను హద్దు మీఱని చిన్న కట్టడములకు ప్రభుత్వమే ముందుగా సామాన్యానుమతి నొసగినది. ఇప్పటి హద్దులను 2015 నాటి యుత్తరువు తెల్పుచున్నది.

ఆ హద్దు లివి. పొరుగింటితో గోడ కలసిన యిల్లయినచో గది వెనుకకు 3 మీటర్లకును, విడిగా నున్న యిల్లయినచో 4 మీటర్లకును మించరాదు. ఎత్తు 4 మీటర్లు దాటరాదు. సరిహద్దునకు 2 మీటర్లలోపల నున్నచో చూరు 3 మీటర్లకు మించరాదు. ఇంటి చుట్టునున్న నేలలో సగమునకు మించి కట్టడములు నిండరాదు. వీధివైపు ముఖభాగమునకు ముందు గట్టరాదు. ఇంతకు పెద్దగది కావలసినచో 6 లేక 8 మీటర్ల వఱకు గట్టవచ్చును గాని, ముందుగా కౌన్సిలునకు దెలుపవలెను. వారు పొరుగువారి యభ్యంతరముల విచారించి 42 దినములలో తీర్పు చెప్పుదురు.

ఇందు మనవారు మఱచు మర్మ మొకటి గలదు. ఈ కొలతలు మనము కొన్నప్పటి యింటినుండి గాక, ఇల్లు మొదట గట్టినప్పటి గోడనుండి లెక్కింపబడును. ఇల్లు 1948 జూలైకి పూర్వపుదైనచో ఆనాటి రూపమే ప్రమాణము. పొరుగింటితో గోడ కలసిన యింటిని పూర్వపు యజమాని వెనుకకు 2 మీటర్లు పెంచి యున్నచో, దానికి జేర్చి మనము కట్టుకొనుటకు మిగులునది 1 మీటరే! మేస్త్రి “అనుమతి యక్కఱలేదు” అన్నంతమాత్రమున నమ్మరాదు.

అపార్టుమెంటు ఇండ్లకు ఈ సామాన్యానుమతి లేదు. చారిత్రక భవనములుగా నమోదైన వానికి వేఱు సమ్మతి వలయును. కొన్ని క్రొత్త కాలనీలలో మొదటి యనుమతి యందే యీ హక్కు తొలగింపబడి యుండును. స్కాట్లండు, వేల్సులలో నియమములు వేఱు.

కట్టుదిట్టములను గూర్చిన భవననిబంధనలు మఱియొకటి. గది 30 చదరపు మీటర్లకు లోపై, ఇంటికిని గదికిని నడుమ వెలుపలి తలుపు నిలిచి యుండి, వేడిమి యేర్పాటు వేఱుగా నున్నచో సాధారణముగ మినహాయింపు గలదు. విశాలముగ నుండునని యా తలుపు తీసివేసినచో మినహాయింపు పోవును.

అనుమతి లేని కట్టడమును తొలగింపుమని కౌన్సిలు ఆజ్ఞాపింపగలదు. పూర్వము 4 ఏండ్లు గడచిన యిట్టి కట్టడముపై చర్య యుండెడిది కాదు; 2024 ఏప్రిల్ 25 తరువాత ముగిసిన కట్టడములకు ఆ గడువు 10 ఏండ్లు. కావున సోదరీమణులారా, బయానా నిచ్చుటకు ముందే ఇంటి పూర్వపత్రములను జదువుడు. కొలతలు సరిపోయినను, కట్టడము న్యాయసమ్మతమని కౌన్సిలునుండి ధ్రువపత్రమును బడయుడు. రుసుము కొంత యైనను, ఇల్లమ్మునాడు కొనువారి ప్రశ్నలకు అదియే సమాధానము. కుటుంబము ఏండ్లతరబడి కూడబెట్టిన ధనము ఒక్క యాజ్ఞతో నేలపాలు గాకుండ జూచుట గృహిణి పనియే యని మా మనవి.