స్కాట్లండు చిన్న పట్టణముల ఫుట్‌బాలు - దాని భవితవ్యము

1891వ సంవత్సరమున స్కాట్లండు ఫుట్‌బాలు లీగు తొలి విజేతృత్వమును రేంజర్సు జట్టుతో సమముగా పంచుకొనిన క్లబ్బు డంబార్టన్. మరుసటి యేడు ఆ గౌరవమును తానొక్కటియే గడించెను. అట్టి క్లబ్బు 2024 నవంబరులో అప్పులు తీర్చజాలక దివాలా నిర్వాహకుల చేతులలో పడెను. నియమానుసారముగా లీగువారు దాని లెక్కనుండి 15 పాయింట్లు కోసివేసిరి. 2025 వసంతమున అది కడపటి శ్రేణికి దిగజారెను. క్లైడు నదీతీరమున, ప్రాచీనదుర్గమును మోయుచున్న కొండ క్రింద, దాని క్రీడాస్థలము నేటికిని నిలిచియున్నది. ఒక్కనాడే ఒక్క గీతనుండి పరుగు మొదలిడిన యిరువురిలో ఒకరి యాటకు నేడు వేలకొలది జనము విరుగబడుచుండగా, రెండవవారి యాటకు కొలది వందలమంది మాత్రమే వచ్చుచున్నారు. ఈ రెండవవారికి బ్రదుకు గలదా, లేదా? స్కాట్లండునందలి చిన్నయూళ్ల నన్నింటిని వేధించుచున్న ప్రశ్న యిదియే.

ఆ దేశపు జనసంఖ్య సుమారు 54 లక్షలు. అంత చిన్నదేశమున జాతీయ లీగునందు 42 క్లబ్బులున్నవి. పై శ్రేణిలో 12, తక్కిన మూడు శ్రేణులలో పదేసి. క్రింది రెండు శ్రేణులలో అధికభాగము అర్ధవృత్తి క్లబ్బులు. అనగా ఆటగాడు పగలు వడ్రంగిగనో, కొళాయి పనివాడుగనో, ఉపాధ్యాయుడుగనో పనిచేసి, వారమునకు రెండు సాయంకాలములు సాధన చేసి, శనివారమునాడు బరిలో దిగును. క్లబ్బు వానికిచ్చునది జీతము కాదు, జీతమునకు తోడు. ఈ శతాబ్ది తొలియేండ్లలో ఈస్ట్ స్టర్లింగ్‌షైర్ అను క్లబ్బు తన ఆటగాండ్రకు వారమునకు 10 పౌండ్లకు మించి యీయజాలకుండెను. ఇక దూరములు చూడుడు: 2024-25లో ఈశాన్యమందలి ఎల్గిన్, నైరుతి కొననున్న స్ట్రాన్రార్ ఒకే శ్రేణిలో నుండినవి. రెంటికిని నడుమ రమారమి రెండువందల యేబది మైళ్లు. శనివారము తెల్లవారకమునుపే బస్సెక్కి, అర్ధరాత్రికి ఇల్లుచేరి, సోమవారము మరల పనిముట్లు చేతబట్టువాడు ధనాశచే ఆడుచున్నాడని యెవ్వరనగలరు?

ఈ మధ్యస్థితిని కొందరు పరిహసింతురు. వృత్తిక్రీడకు ఎదుగలేనివారు, శుద్ధమైన ఔత్సాహిక క్రీడకు దిగలేనివారు అని వారి భావము. చరిత్ర వేరుగా పలుకుచున్నది. 1867లో స్థాపితమైన క్వీన్స్ పార్కు క్లబ్బు, ఆటకొరకే ఆట యను సూత్రమును తన ధ్వజముపై నిలుపుకొనెను. 1872 నవంబరు 30వ తేదీన ఇంగ్లండుతో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ పోటీలో స్కాట్లండు పక్షమున నాడినవారందరును ఆ క్లబ్బువారే. 1893లో స్కాట్లండునందు ఆటగాండ్రకు కూలియిచ్చుట శాసనసమ్మతమైనది. అయినను క్వీన్స్ పార్కు తన వ్రతమును శతాబ్దమునకు పైబడి పాటించి, 2019లో సభ్యుల సమ్మతితో విడిచెను. ఈ యిరుకొనల నడుమనే చిన్నపట్టణముల క్లబ్బులు తమ త్రోవను కనుగొన్నవి. ఆటగాని కష్టమునకు కొంత ప్రతిఫలముండవలయును, ఆ ప్రతిఫలము ఊరి శక్తిని మించరాదు. ఇది అసంపూర్తి వృత్తి కాదు. తన్ను తాను ఎరిగిన సంసారము.

దాని ఫలములును కొద్దివి కావు. బొగ్గుగనిలో పనిచేయుచు కోట్‌బ్రిడ్జి పట్టణపు ఆల్బియన్ రోవర్సు పక్షమున నాడిన జాక్ స్టీన్, 1967లో సెల్టికు జట్టునకు ఐరోపా కప్పు గెలిపించిన శిక్షకుడు. పనిముట్ల కర్మాగారమున శిష్యరికము చేయుచు క్వీన్స్ పార్కులో ఆట నేర్చిన అలెక్స్ ఫెర్గూసన్, 1974లో శిక్షకవృత్తికి శ్రీకారము చుట్టినది ఈస్ట్ స్టర్లింగ్‌షైర్ నందే. 2012లో క్వీన్స్ పార్కున ఒక్క పెన్నీ కూలి లేక ఆడిన యువకుడు ఆండ్రూ రాబర్ట్‌సన్, 2019లో లివర్‌పూల్ జట్టుతో ఐరోపా కప్పు నందుకొనెను. మహానగరముల వృక్షములకు వేళ్లు ఈ చిన్నయూళ్ల మట్టిలోనే యున్నవి.

ఆంగస్ జిల్లాను తీసికొందము. ఆర్బ్రోత్, ఫార్ఫార్, మాంట్రోజ్, బ్రీకిన్ - ఈ నాలుగు పట్టణములును చిరకాలము లీగునందు జట్లను నిలుపుకొన్నవి. ఇవి అవిసెనార వడకి, నారబట్ట, తెరచాప గుడ్డ నేసి బ్రదికిన ఊళ్లు. సమీపమందలి డండీ నగరపు మరలు వంగదేశపు జనపనారతో తిరిగెను. మన రైతు చెమట అక్కడి యజమానికి సిరియైనది. అక్కడి నేతగానికి మాత్రము కూలియే మిగిలెను. ఆ మరలు మూతవడినవి. ఫైఫు మండలమున కౌడెన్‌బీత్ గనులు పూడిపోయినవి. డంబార్టన్‌లో ఓడలు కట్టువారి సుత్తుల మ్రోత అడగిపోయినది. ఊరివారందరు వారమున కొకసారి ఒకచోట చేరి, ఇది మనది అని చెప్పుకొనుటకు మిగిలినవానిలో ఫుట్‌బాలు క్లబ్బు ముఖ్యము. కావుననే దాని చావుబ్రదుకులు కేవలము క్రీడావిషయము కావు.

ఇట్టి ఊరు ఎంత చేయగలదో ఆర్బ్రోత్ చూపినది. దాని గేఫీల్డు క్రీడాస్థలము ఉత్తరసముద్రపు టొడ్డుననే యున్నది. తుపాను దినములలో అలలు గోడదాటి మైదానమున పడును. డిక్ క్యాంబెల్ నాయకత్వమున 2021-22లో ఆ అర్ధవృత్తి జట్టు, పూర్ణవృత్తి జట్లతో నిండిన రెండవ శ్రేణిలో అగ్రస్థానమునకు కడదాక పోరాడెను. ఏప్రిలులో కిల్‌మార్నక్‌పై ఆధిక్యమున నుండియు, తుదిఘడియలలో 2-1గా నోడి రెండవస్థానమున నిలిచెను. పిమ్మట ఇన్వర్‌నెస్‌తో పెనాల్టీలలో పరాజితమై పై శ్రేణి గడపకడనే యాగెను. 2024లో క్రిందికి జారెను. 2025లో మరల లేచెను. తన వరుమానమునకు లోబడి నడచినది గనుక, జారినప్పుడు విరిగిపోలేదు.

దీనికి ప్రక్కనే గ్రెట్నా కథ నుంచి చూడవలయును. ఇంగ్లండు సరిహద్దునందలి ఆ చిన్నయూరి క్లబ్బు 2002లో లీగున ప్రవేశించెను. బ్రూక్స్ మైల్సన్ అను ధనికుని దాతృత్వముచే 2005, 2006, 2007 వరుస యేండ్లలో మూడు మెట్లెక్కి, 2006లో స్కాటిష్ కప్పు కడపటి యాటవరకు పోయెను. ఉన్నతశ్రేణి చేరునాటికి తగిన క్రీడాస్థలము లేక, పరుల యూరిలో ఆడవలసివచ్చెను. 2008లో దాత వ్యాధిపీడితుడై సాయము నిలిచినంతనే క్లబ్బు కూలెను. పులిని చూచి నక్క వాతపెట్టుకొన్న చందమిది. ఆ దాత సదుద్దేశమును శంకింపనక్కరలేదు. కాని ఒక్కని ప్రాణముపై ఊరి క్లబ్బు ప్రాణమును వ్రేలాడదీయుట వివేకము కాదు.

యాజమాన్యము చేతులు మారుటలో మరియొక యపాయము గలదు. 2002లో ఎయిర్‌డ్రీయోనియన్సు క్లబ్బు దివాలా తీయగా, ఆ పట్టణమున మరల లీగు ఫుట్‌బాలు నిలుపుటకై, తానును కష్టములలో నున్న క్లైడ్‌బ్యాంక్ క్లబ్బును కొని, పేరుమార్చి, ఎయిర్‌డ్రీకి తరలించిరి. ఒక ఊరి కన్నీరు తుడుచుటకు మరియొక ఊరిని ఏడిపించిరి. కొనుగోలు శాసనబద్ధమే, కాని క్లబ్బు వాటాలు అమ్ముడుపోవునుగాని, దాని స్మృతులు అమ్ముడుపోవునా? క్లైడ్‌బ్యాంక్ ప్రజలు 2003లో క్రిందిమెట్టునుండి తమ క్లబ్బును తిరిగి కట్టుకొనిరి.

పెద్దక్లబ్బుల నీడ మరియొక భయము. 2021లో రేంజర్సు, సెల్టికుల ద్వితీయ జట్లను లోలాండు లీగునందు అతిథులుగా చేర్చుకొనిరి. 2023లో అట్టి ద్వితీయ జట్లతో కూడిన నూతనశ్రేణి నొకదానిని, నాలుగవ శ్రేణికి క్రిందుగా, ఏర్పరుపవలెనను ప్రతిపాదన వెలువడెను. చిన్నక్లబ్బులును అభిమానులును ఎదిరించుటచే అది నెగ్గలేదు. యువకులకు గట్టిపోటీ కావలయుననుట నిజమే. అయితే ఒక ఊరి సర్వస్వమైన జట్టు, వేరొక ఊరి జట్టునకు సాధనశాలగా మారుట న్యాయమా? బలవంతుడు తన యవసరమునకు బలహీనుని ఇంటిలో గది యడిగి, అది సంస్కరణమని పేరిడుట మనకు క్రొత్త విద్య కాదు.

ఖర్చుల మాటయు చెప్పవలయును. 2025 ఏప్రిలునుండి బ్రిటనులో యజమాని చెల్లించు జాతీయ బీమా చందా నూటికి 13.8నుండి 15కు పెరిగెను. అంతకంటె ముఖ్యము, చందా మొదలగు వార్షిక వేతనపు హద్దు 9,100 పౌండ్లనుండి 5,000కు తగ్గెను. వారమునకు 150 పౌండ్లు పొందు ఆటగానిపై మున్ను క్లబ్బు చెల్లింపవలసినది సున్న. ఇపుడు ఏటికి సుమారు 420 పౌండ్లు, ఇరువదిమందికి 8,400. చిన్న యజమానులకు 10,500 పౌండ్లవరకు మినహాయింపు గలదు. గనుక మిక్కిలి చిన్నవి తప్పించుకొనవచ్చును. శిక్షకులు, సిబ్బంది కొంత హెచ్చుగా నున్న క్లబ్బుపై మాత్రము భారము పడకమానదు. రాజధానిలో ఒక అంకె మార్చినప్పుడు అది ఏ మారుమూల లెక్కపుస్తకమున గుచ్చుకొనునో వ్రాసినవారికి తెలియదు.

ఇక పైకెక్కు నిచ్చెన. 2014-15వరకు లీగు తలుపులు మూసియుండెను. కడపటిస్థానమున నిలిచిన క్లబ్బునకు భయము లేదు, బయటి క్లబ్బునకు ఆశ లేదు. పిమ్మట హైలాండు, లోలాండు లీగుల విజేతలు మొదట తమలో తాము పోరాడి, గెలిచినవారు లీగు అడుగున నున్న క్లబ్బుతో తలపడు పద్ధతి వచ్చెను. ఆ ద్వారమున ఎడింబరో సిటీ, కోవ్ రేంజర్సు, కెల్టీ హార్ట్సు, బానీరిగ్ రోజ్, స్పార్టన్సు, ఈస్ట్ కిల్‌బ్రైడ్ లోనికి వచ్చినవి. ఈస్ట్ స్టర్లింగ్‌షైర్, బెరిక్, బ్రీకిన్, కౌడెన్‌బీత్, ఆల్బియన్ రోవర్సు వెడలినవి. 2025లో బానీరిగ్ రోజ్ తానే వెడలెను. వెడలినవానిలో ఒక్కటియు 2025వరకు తిరిగి రాలేదు. తలుపు తెరచుట న్యాయము. కాని రెండు లీగులకు కలిపి ఒకే సన్నని సందు విడుచుట సగము న్యాయమే. పడినవాడు లేచుటకు వీలున్న నాడుగదా పడుట శిక్షగా నుండును; లేనినాడు అది మరణదండన. రాకపోకల త్రోవ వెడల్పు కావలయును.

కర్తవ్యమేమి? మొదటిది, క్లబ్బు ఊరిదై యుండవలయును. 2010లో స్టర్లింగ్ ఆల్బియన్ క్లబ్బును అభిమానుల సంఘమే కొనెను. స్టెన్‌హౌస్‌మ్యూర్ 2009లో ప్రజాహిత సంస్థగా మారెను. 1884లో పుట్టిన ఆ క్లబ్బు 2024లో తన జీవితమున మొదటిసారి ఒక లీగు శ్రేణిని గెలిచెను. నూట నలువది యేండ్లు ఓపికపట్టిన ఊరిని ఏ ధనికుడు కొనగలడు? రెండవది, క్రీడాస్థలము వారమునకు ఒక్కదినము తెరచు గుడి కారాదు. మాంట్రోజ్, ఆలోవా పట్టణములు 2007లోనే కృత్రిమ పచ్చిక పరచి, వారమెల్ల పిల్లలకు, పెద్దలకు మైదానము నుపయుక్తము చేసినవి. పై శ్రేణివారు 2026-27నుండి తమలో అట్టి పచ్చికను మాన్పుటకు 2024లో తీర్మానించిరి. ఆ నియమము క్రిందికి దిగకుండ జాగ్రత్తపడవలయును. మూడవది, లీగు రాబడిలో న్యాయమైన పాలు. 2020లో మహమ్మారి కాలమున జేమ్స్ ఆండర్సన్ అను దాత ఔదార్యముచే 42 క్లబ్బులకును తలకు 50,000 పౌండ్లు చేరెను. అది స్తుత్యము. అయినను దానము వచ్చిననాడే బ్రదుకుట స్వాతంత్ర్యము కాదు. పాలు హక్కుగా రావలయును.

ఈ కథ మనకు పరాయిదా? 1936లో కలకత్తా యువకుడు మహమ్మద్ సలీం పాదరక్షలు లేకయే సెల్టికు పక్షమున రెండాటలాడి స్కాట్లండువారిని అచ్చెరువొందించెను. అందొకటి గాల్‌స్టన్ అను చిన్నపట్టణపు జట్టుతో. మన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950నుండి 1954వరకు వరుసగా ఐదుసార్లు రోవర్సు కప్పు గెలిచినది; వారును ఉద్యోగము చేయుచు ఆడినవారే. వారి గురువు సయ్యద్ అబ్దుల్ రహీం ఒకప్పటి బడిపంతులు. ఆయన శిక్షణలో 1956 ఒలింపిక్సున భారతదేశము నాలుగవ స్థానము పొందెను. మరి 2022లో దేశపు ఉన్నత లీగును గెలిచిన హైదరాబాదు ఎఫ్‌.సి. ఏమైనది? మూడేండ్లకే ధనాభావముచే చితికి, చేతులుమారి, 2025లో ఢిల్లీకి తరలిపోయెను. క్లైడ్‌బ్యాంక్ వారు 2002లో పడిన వ్యథను మన నగరమును చవిచూచినది.

డంబార్టన్ కొండక్రింద శనివారము మధ్యాహ్నము గుమిగూడు ఆ కొలదివందలమందిని చూచి జాలిపడ నక్కరలేదు. వారు 1891 కీర్తికొరకు వచ్చుటలేదు. పగలెల్ల పనిచేసి వచ్చిన తమ యూరి బిడ్డ బంతిని తన్నుట చూచుటకు వచ్చుచున్నారు. ఆ మైదానమునకు, ఆ జట్టునకు వారే యజమానులైననాడు, ఏ శ్రేణిలో నున్నను ఆ క్లబ్బునకు చావులేదు. అన్యుని సొమ్మై యున్నన్నాళ్లు, ఏ శిఖరమున నున్నను దానికి నిలుకడలేదు.