ఆపరేషన్‌కు ముందే అడగండి... ఊపిరి ఎంత మిగులుతుంది?

బెల్లంపల్లిలో బాయి పని చేసి రిటైరైన మీ నాన్నగారికి ఊపిరితిత్తిలో చిన్న గడ్డ కనిపించిందనుకోండి. తొలిదశ క్యాన్సరే, నయం చేయొచ్చన్నారు. మంచిదే. అయితే డాక్టర్ని ఇంకో మాట కూడా అడగండి: ‘చికిత్స తర్వాత ఊపిరి ఎంత మిగులుతుంది?’

సింగరేణి భూగర్భ గనుల్లో ఏళ్ల తరబడి బొగ్గు, రాతి దుమ్ము పీల్చినవారికి ఈ ప్రశ్న మరీ ముఖ్యం. దానికి బీడీ కూడా తోడైతే ఊపిరితిత్తుల శక్తి ముందే తగ్గిపోయి ఉండొచ్చు.

లెక్క కష్టమేమీ కాదు. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి 19 భాగాలుంటాయి. కుడివైపు పై లోబ్ తీస్తే 3 పోతాయి. ఊదే పరీక్షలో (స్పైరోమెట్రీ) ఇప్పుడు 60 శాతం ఉంటే సుమారు 50 మిగులుతుందన్నమాట. ఊదడం ఒక్కటే చాలదు. ఆక్సిజన్ రక్తంలోకి ఎంత చేరుతోందో చెప్పే డీఎల్‌సీఓ పరీక్షా చేయించాలి. దుమ్ము పట్టిన ఊపిరితిత్తుల్లో మొదటిది బాగుండి, రెండోది తగ్గి ఉండొచ్చు. మిగిలేది రెండింట్లోనూ 60 దాటితే సాధారణంగా ఆపరేషన్‌కు ఇబ్బంది ఉండదు. తగ్గితే నడిపించి, మెట్లెక్కించి చూస్తారు.

ఆపరేషన్ తర్వాత మొదటి నెల ఆయాసం ఎక్కువ. మిగిలిన ఊపిరితిత్తి సాగి, మూడు నుంచి ఆరు నెలల్లో చాలావరకు కోలుకుంటుంది. గడ్డ 2 సెంటీమీటర్ల లోపుంటే లోబ్ మొత్తం కాకుండా కొంత భాగమే తీసే పద్ధతీ ఉంది. దాంతో ఊపిరి బోలెడు మిగులుతుందనుకోకండి. 2022లో వెలువడిన జపాన్ అధ్యయనంలో ఏడాది తర్వాత తేడా 3.5 శాతమే.

కోత తట్టుకోలేనివారికి గురిచూసి ఇచ్చే రేడియేషన్ (ఎస్‌బీఆర్‌టీ) ఉంది. తరచూ మూడు నుంచి ఐదు సిట్టింగ్‌లతో అయిపోతుంది. ఊపిరితిత్తుల్లో ముందే మచ్చకట్టిన జబ్బు ఉంటే మాత్రం ముప్పు ఎక్కువ, ముందుగానే చెప్పాలి.

అసలు చిక్కు ఇంటికొచ్చాక. చికిత్స హైదరాబాద్‌లో, దగ్గు బెల్లంపల్లిలో! రేడియేషన్ అయిన ఒకటి నుంచి ఆరు నెలల్లో పొడిదగ్గు, ఆయాసం, కొద్దిపాటి జ్వరం వస్తే అది రేడియేషన్ వల్ల వచ్చిన వాపు కావచ్చు. జలుబేలే అని సిరప్ తాగిస్తూ కూర్చోవద్దు. ఇక్కడి డాక్టర్‌కు ఆ సంగతి తెలియదు కాబట్టి రేడియేషన్ తేదీలు, పాత ఊదే పరీక్ష రిపోర్టు, సీటీ సీడీ ఒకే ఫైల్లో పెట్టి చూపించండి. వాపేనని తేలితే, అవసరాన్ని బట్టి వారాల తరబడి స్టెరాయిడ్ ఇస్తారు. దగ్గు తగ్గింది కదా అని మధ్యలో మానేయకూడదు. డాక్టర్ చెప్పినట్టే మోతాదు తగ్గించుకుంటూ రావాలి.