పన్నెండు జట్లు చాలు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఛాంపియన్ ఎవరో తేల్చే ప్లేఆఫ్‌లో ఇప్పుడు 12 జట్లు ఆడుతున్నాయి. వాటిని 16 చేయాలని కొందరు, ఏకంగా 24 చేయాలని మరికొందరు పట్టుబడుతున్నారు. మేముండేది కొలంబస్‌లో, ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఉన్న ఊళ్లో. ఇక్కడ ఈ మాట ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుకునేటప్పుడు కూడా వస్తుంది. మా అబ్బాయి ఆ యూనివర్సిటీలోనే ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడు 24 కావాలంటాడు. నేను 12 దగ్గరే ఆగాలంటాను.

ఐపీఎల్ చూసేవాళ్లకు ప్లేఆఫ్ కొత్త కాదు. పది జట్లు, ఒక్కోదానికి 14 లీగ్ మ్యాచ్‌లు, పాయింట్ల పట్టికలో పైనున్న నాలుగు ముందుకు వెళ్తాయి. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ లెక్క కుదరదు. 2025లో పై శ్రేణిలో ఆడిన యూనివర్సిటీలే 136. హెల్మెట్లు, భుజాలకు ప్యాడ్లు కట్టుకుని ఒకరినొకరు ఢీకొట్టి పడగొట్టే ఆట కాబట్టి వారానికి ఒక మ్యాచ్‌కు మించి ఆడలేరు. ఆగస్టు చివర మొదలై నవంబర్ చివరికల్లా ఒక్కో జట్టు మామూలుగా ఆడేది 12 మ్యాచ్‌లే. చాలా జట్లు ఒకదానికొకటి ఎదురుపడవు. ఎదురుపడని జట్లలో ఏది మేలైనదో ఎవరు చెప్పాలి? గొడవంతా అక్కడే.

1936 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ విలేకరుల ఓట్లతో ర్యాంకులు ఇస్తూ వచ్చింది. తర్వాత కోచ్‌ల ఓటింగూ వచ్చింది. 1997లో విలేకరులు మిషిగన్ అన్నారు, కోచ్‌లు నెబ్రాస్కా అన్నారు. ఒకే ఏడాది ఇద్దరు ఛాంపియన్లు! 1998 నుంచి ఓట్లనూ కంప్యూటర్ లెక్కలనూ కలిపి రెండు జట్లను ఫైనల్ ఆడించారు. 2014లో నాలుగు జట్ల ప్లేఆఫ్ వచ్చింది, 2024లో 12 అయింది. ఎంపిక పని 13 మంది కమిటీది. టెక్సస్‌లోని గ్రేప్‌వైన్‌లో కూర్చుని వాళ్లు నవంబర్‌లో వారం వారం ర్యాంకులు ప్రకటిస్తారు, డిసెంబర్ మొదట్లో ఒక ఆదివారం తుది జాబితా ఇస్తారు.

నాలుగు చాలవని 2023లో అందరికీ తేటతెల్లమైంది. ఫ్లోరిడా స్టేట్ ఆడిన 13 మ్యాచ్‌లూ గెలిచింది, తన కాన్ఫరెన్స్ (కలిసి ఒక లీగ్‌గా ఆడే యూనివర్సిటీల కూటమి) టైటిల్ కూడా గెలుచుకుంది. అయినా కమిటీ దాన్ని పక్కనపెట్టి, ఒక మ్యాచ్ ఓడిన అలబామాను తీసుకుంది. జట్టు దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ జోర్డాన్ ట్రావిస్‌కు నవంబర్‌లో కాలు విరిగింది, అతను లేక ఆ జట్టు బలం తగ్గిందన్నది కమిటీ వాదన. ఒక్క మ్యాచ్ కూడా ఓడని పిల్లలకు ఆ మాట చెప్పడం అన్యాయం. 12 జట్లుంటే ఆ అన్యాయం జరిగేది కాదు.

మొదటి ఏడాదే ఆ మేలు కనిపించింది. మన తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో చదువుతున్న అరిజోనా స్టేట్, సీజన్‌కు ముందు వేసిన అంచనాల్లో తన కాన్ఫరెన్స్‌లో 16 జట్లకు 16వది. అదే జట్టు కాన్ఫరెన్స్ గెలిచి క్వార్టర్ ఫైనల్‌కు వచ్చి, రెండు ఓవర్‌టైమ్‌లు పోరాడాక 39-31తో టెక్సస్ చేతిలో ఓడింది. 2023లో తొమ్మిది మ్యాచ్‌లు ఓడిన ఇండియానా 2024లో ప్లేఆఫ్‌కు వచ్చింది. మరుసటి సీజన్‌లో ఆడిన 16 మ్యాచ్‌లూ గెలిచి, ఫైనల్లో మయామీని 27-21తో ఓడించి ఛాంపియన్ అయింది.

మా ఊరికీ 12 వల్ల మేలు జరిగింది. కొలంబస్‌లో చిరకాల ప్రత్యర్థి మిషిగన్‌తో మ్యాచ్ ఉన్న వారం వచ్చిందంటే క్యాంపస్ బోర్డుల మీద ఉన్న ‘ఎమ్’ అక్షరాలన్నిటిపైనా ఎర్ర టేపు అతికిస్తారు. 2024 నవంబర్ 30న, ఆ ఏడాది అంతంతమాత్రంగా ఆడుతున్న మిషిగన్ మా స్టేడియంలోనే మమ్మల్ని 13-10తో ఓడించింది. వరసగా నాలుగో ఏడాది ఓటమి. మా పక్కింటి పెద్దాయన రిటైరైన స్కూలు టీచరు. ‘‘నా చిన్నప్పుడైతే ఈ ఒక్క ఓటమితో ఏడాది ముగిసినట్టే’’ అన్నారు ఆ సాయంత్రం. అయితే ఎనిమిదో సీడ్‌గా ప్లేఆఫ్‌లో అడుగుపెట్టిన ఒహాయో స్టేట్ టెనెస్సీని, ఒరెగాన్‌ను, టెక్సస్‌ను వరసగా ఓడించింది. జనవరి 20న అట్లాంటాలో నోటర్ డేమ్‌ను 34-23తో గెలిచి ఛాంపియన్ అయింది. ఊరంతా పండగ చేసుకుంది, మేమూ చేసుకున్నాం.

రెండో అవకాశం ఇవ్వడం మంచిదే. కానీ ఓటమికి ఖరీదు కూడా ఉండాలి. మిషిగన్ చేతిలో ఓడినందుకు ఒహాయో స్టేట్ కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడే అవకాశం పోగొట్టుకుంది, మొదటి నాలుగు సీడ్లకు దొరికే విశ్రాంతి వారం అవకాశం కూడా పోగొట్టుకుంది, ప్లేఆఫ్‌లో ఒక మ్యాచ్ ఎక్కువ ఆడాల్సి వచ్చింది. ఆ మాత్రం శిక్ష ఉంది కాబట్టే ఆ మ్యాచ్‌కు ఇంకా విలువ ఉంది. 24 జట్లు చేస్తే మూడు మ్యాచ్‌లు ఓడిన జట్లకు కూడా సులువుగా చోటు దొరుకుతుంది. అప్పుడు నవంబర్ చివరి శనివారం గెలిచినా ఓడినా పెద్దగా తేడా ఉండదు.

జట్లు పెంచితే పోటీ పెరుగుతుందన్న మాటకూ ఆధారం కనిపించదు. రెండేళ్లలో మొదటి రౌండ్ మ్యాచ్‌లు ఎనిమిది జరిగాయి. వాటిలో ఏడింటిలో తేడా పది పాయింట్లు లేదా అంతకన్నా ఎక్కువ. టెక్సస్ ఏ అండ్ ఎమ్‌ను మయామీ 10-3తో ఓడించిన మ్యాచ్ ఒక్కటే చివరిదాకా ఉత్కంఠగా సాగింది. ఇంకా కింది ర్యాంకుల జట్లను తెస్తే ఆ తేడా తగ్గుతుందా?

మా వాడి దగ్గరా గట్టి వాదనే ఉంది. ‘‘అమ్మా, రెండో శ్రేణి ఎఫ్‌సీఎస్‌లో 24 జట్లే కదా. 2025 సీజన్‌లో సీడ్ కూడా లేని ఇల్లినాయ్ స్టేట్ ఫైనల్‌కు వెళ్లి, ఓవర్‌టైమ్‌లో ఒక్క పాయింట్ తేడాతో ఓడింది’’ అంటాడు. నిజమే, 35-34తో గెలిచింది మోంటానా స్టేట్. కానీ ఎఫ్‌సీఎస్‌లో జట్ల మధ్య డబ్బులో ఇంత అంతరం లేదు. పై శ్రేణిలో ఎస్‌ఈసీ, బిగ్ టెన్ అనే రెండు కాన్ఫరెన్స్‌లు మిగతావాటికి అందనంత ఎత్తులో ఉన్నాయి. 2025లో 12 చోట్లలో ఎనిమిది వాటివే. కొత్తగా చేర్చే చోట్లు చిన్న యూనివర్సిటీలకు వస్తాయని నేను నమ్మను. ఆ రెండింటిలోని మధ్యరకం జట్లే వాటిని నింపుతాయి.

గీత ఎక్కడ గీసినా దాని పక్కన నిలబడి బాధపడే జట్టు ఒకటి ఉంటుంది. 2025లో నోటర్ డేమ్‌ది అదే స్థితి. మయామీ, నోటర్ డేమ్ రెండూ పది గెలిచి రెండు ఓడాయి. ఆగస్టులో మయామీ నోటర్ డేమ్‌ను 27-24తో ఓడించింది. అయినా కమిటీ వారాల తరబడి నోటర్ డేమ్‌నే పైన ఉంచి, చివరి రోజున తారుమారు చేసింది. నిర్ణయం సరైనదే, చెప్పిన తీరే తప్పు. జట్లు పెంచినంత మాత్రాన ఆ తీరు బాగుపడదు. ముఖాముఖి ఆడినప్పుడు గెలిచినవాళ్లే పైన ఉంటారని ముందే రాసిపెడితే సగం గొడవ తగ్గుతుంది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఆ పిల్లల శరీరాలు. ఇండియానా, మయామీ రెండూ 2025 సీజన్‌లో చెరో 16 మ్యాచ్‌లు ఆడాయి. కోట్లు సంపాదించే ప్రొఫెషనల్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల రెగ్యులర్ సీజన్ 17. డిసెంబర్‌లో మా వాడు సెమిస్టర్ పరీక్షలకు కూర్చునే రోజుల్లోనే, అదే క్యాంపస్‌లో వాడి ఈడు పిల్లలు ప్లేఆఫ్‌కు సాధన చేస్తుంటారు. ఇంకో రౌండ్ కలిపితే ఆ దెబ్బలు తగిలేది వాళ్లకే.

విస్తరణ వెనుక ఉన్నది ప్రధానంగా డబ్బు. 2026 సీజన్ నుంచి ఆరేళ్ల ప్రసార హక్కులకు ఈఎస్‌పీఎన్ ఇస్తున్నది సుమారు 780 కోట్ల డాలర్లు. ప్లేఆఫ్ ఎలా ఉండాలన్న దానిలో బిగ్ టెన్, ఎస్‌ఈసీలదే పైచేయి. బిగ్ టెన్ 24 అంది, ఎస్‌ఈసీ 16 దగ్గర నిలబడింది, ఒప్పందం కుదరలేదు. అందుకే 2026కు కూడా 12 జట్లే అని ఆ ఏడాది జనవరిలో ప్రకటించారు.

మార్చాల్సింది జట్ల సంఖ్య కాదు, క్వార్టర్ ఫైనల్స్ జరిగే చోటు. ఇప్పుడు మొదటి రౌండ్ మాత్రమే యూనివర్సిటీ మైదానాల్లో జరుగుతోంది. 2024 సీజన్‌లో ఒహాయో స్టేట్ వెంట వెళ్లాలనుకున్న కుటుంబం పాసడేనాకు, ఆర్లింగ్‌టన్‌కు, అట్లాంటాకు మూడు వారాల్లో మూడుసార్లు విమానం ఎక్కాల్సి వచ్చింది. మామూలు జీతాలవాళ్లకు అది సాధ్యమేనా? ఎక్కువ గెలిచిన జట్టుకు తన ఊళ్లో, తన విద్యార్థుల ముందు ఆడే హక్కు ఇవ్వాలి. అప్పుడు నవంబర్ గెలుపుకు విలువ పెరుగుతుంది, ఆటగాళ్ల మీద అదనంగా ఒక్క మ్యాచ్ భారం కూడా పడదు. ఆ రెండు కాన్ఫరెన్స్‌ల పెద్దలు మళ్లీ చర్చలకు కూర్చున్నప్పుడు ముందుగా తేల్చాల్సింది ఇదే.