వెనుక బ్రేకు – ఒక చిన్న పిన్ను



హాస్టలు వదిలాక మనలో చాలామందికి మొదట చేతికి వచ్చేది సెకండ్ హ్యాండ్ బండే. గుడుపల్లె నుంచి కుప్పం పోవాలన్నా, పట్టుగూళ్లు మార్కెట్టుకు వేయాలన్నా అదే దిక్కు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు వెనుక బ్రేకు బిగించే పద్ధతి రాస్తున్నాను. 1985లో హీరో హోండా తెచ్చిన సి.డి. 100 లాంటి పాత బండినే ఉదాహరణగా తీసుకుందాం. దానికి వెనుక ఉండేది డ్రమ్ము బ్రేకు.

ఇది పనిచేసే తీరు సులభం. పెడలు తొక్కితే రాడ్డు లివరును లాగుతుంది. లివరుతోపాటు లోపలి కేము తిరిగి రెండు షూలను ఎడంగా నెడుతుంది. అవి చక్రంతో తిరిగే డ్రమ్మును ఒరుసుకుంటే బండి ఆగుతుంది. పెడలు వదలగానే స్ప్రింగులు షూలను మళ్లీ దగ్గరికి లాగుతాయి.

ముందుగా దుమ్మును నోటితో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవండి. లైనింగు 2 మి.మీ. కంటే పలచబడితే రెండు షూలూ మార్చాలి. కేముకు, షూలు ఆనే పిన్నుకు పలుచగా గ్రీజు రాయాలి. లైనింగుకు మాత్రం చుక్క కూడా తగలరాదు.

షూలకు రెండు స్ప్రింగులూ తగిలించి, సగం తెరిచిన పుస్తకంలా పట్టుకోండి. ఒక కొన పిన్ను మీద, రెండో కొన కేము మీద ఆనించి కిందికి అదిమితే ప్లేటులో కూర్చుంటాయి. లివరును కేము మీది గుర్తుకు సరిపెట్టి బిగించండి. ప్లేటును డ్రమ్ములో పెట్టి, చక్రం ఎక్కించి, చైను వేసి, ఇరుసు దూర్చండి. చైను గుర్తులు రెండు పక్కలా సమానంగా ఉండాలి. టార్క్ రాడ్డు, బ్రేకు రాడ్డు తగిలించాక, పెడలు తొక్కిపట్టి ఇరుసు నట్టు బిగిస్తే షూలు డ్రమ్ము నడిమికి వస్తాయి.

ఇక అసలు సంగతి. పదో తరగతి సెలవుల్లో నేను ఒక షెడ్డులో హెల్పరుగా చేరాను. మొదటిసారి ఒంటరిగా వెనుక చక్రం బిగించి, గర్వంగా చేతులు తుడుచుకుంటున్నాను. బండి ఆసామి, భార్య, చంటిబిడ్డ ఎక్కబోతున్నారు. మేస్త్రి నేల మీద నుంచి ఏదో తీసి, "ఒరే అబ్బయా, ఈ పిన్ను యాడిదిరా?" అన్నాడు.

అది టార్క్ రాడ్డు నట్టుకు అడ్డంగా వేసే స్ప్లిట్ పిన్ను. అది లేకుంటే అదురుకు నట్టు ఊడొచ్చు, రాడ్డు జారొచ్చు. అప్పుడు బ్రేకు తొక్కితే ప్లేటును పట్టి ఆపేది ఏమీ ఉండదు. డ్రమ్ముతోపాటు అదీ తిరిగి, చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. మేస్త్రి నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆసామిని కూర్చోబెట్టి, మొత్తం విప్పించి మళ్లీ నా చేతనే బిగించించాడు. ఆ అరగంట నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

చివరగా పెడలు 20 నుంచి 30 మి.మీ. దిగాక బ్రేకు పట్టేలా నట్టు తిప్పుకోండి. చక్రం చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. బ్రేకు లైటు వెలగాలి. మొదట ఖాళీ చోట మెల్లగా నడిపి చూడండి.

ఈనాటికీ నేను విప్పిన ప్రతి సామానూ ఒక గుడ్డ మీద వరుసగా పెడతాను. గుడ్డ ఖాళీ అయితేనే పని అయినట్టు. పరీక్షలో పేపరు ఇచ్చే ముందు ఒకసారి తిరగేసి చూసుకొమ్మని మన సార్లు చెప్పేది కూడా ఇదే కదా!

– ఒక పాత విద్యార్థి