ఫ్యాక్టరీ మేనేజరు వేరు, సంఘం సదర్ వేరు

ఒక సంస్థను చక్కగా నడిపినవారు మరో సంస్థనూ అలాగే నడుపుతారని మనం సులువుగా నమ్ముతాం. రిటైరైన అధికారినో, పేరున్న వ్యాపారినో సంఘానికి సదర్‌గా ఎన్నుకునేది ఈ నమ్మకంతోనే. కానీ అది ప్రతిసారీ నిజం కాదు. ఎందుకు కాదో మన ప్రాంత అనుభవమే చెబుతుంది.

బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో ఏర్పడింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. నరికిన చెరకు నిలవ ఉంటే బరువు తగ్గుతుంది, చక్కెర శాతం పడిపోతుంది. అందుకే సీజన్‌లో మిల్లు రాత్రీపగలూ ఆడాలి. ఏ రైతు ఎప్పుడు నరకాలో, ఏ బండి ఎప్పుడు తూకానికి రావాలో ముందే తేలాలి. బాయిలర్ దగ్గర కూర్చుని చర్చించే వ్యవధి ఉండదు. అక్కడ మంచి నాయకుడంటే స్పష్టంగా ఆజ్ఞ ఇచ్చి, దానికి తానే బాధ్యత వహించేవాడు.

ఆ పద్ధతికీ హద్దు ఉంది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 చివర్లో ఫ్యాక్టరీ మూతపడింది. దాన్నే నమ్ముకున్న రైతుకు గానీ, కార్మికుడికి గానీ ఈ నిర్ణయాల్లో ఓటు లేదు.

సహకార సంఘంలో ఓటు ఉంటుంది. ఎన్ని ఎకరాలున్నా సభ్యుడికి ఒక్కటే ఓటు. అయితే ఓటు ఒక్కటే చాలదు. రైతులే సభ్యులైన సారంగాపూర్ సహకార చక్కెర ఫ్యాక్టరీ కూడా మూతపడింది. మరోవైపు అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి 1956లో మొదలుపెట్టిన ముల్కనూరు సహకార సంఘం నేటికీ నడుస్తోంది. అప్పు ఇవ్వడం, ఎరువులు సమకూర్చడం, పంట కొనడం అన్నీ అక్కడే. పంట సొమ్ములోంచే అప్పు తీరుతుంది. ఇలాంటి చోట నాయకుడు ఆజ్ఞాపించలేడు. బాకీ కట్టమని పొరుగువాడిని ఒప్పించాలి, ముందు తాను కట్టి చూపాలి.

ఇక మనలాంటి సేవా సంఘం. ఇక్కడ కార్యకర్తకు జీతం లేదు, దాతకు లాభంలో వాటా లేదు. గట్టిగా మందలిస్తే కార్యకర్త రేపటి నుంచి రాడు. అనుమానం కలిగితే దాత వచ్చే రంజాన్‌కు మరో గడప చూసుకుంటాడు. సదర్‌కు ఉన్న బలమంతా అమానత్ మీద నమ్మకమే. జకాత్ సొమ్ము ఖుర్ఆన్ చెప్పిన ఎనిమిది వర్గాలకే చేరాలి. చదువుల కోసం ఇచ్చింది చదువులకే వెళ్లాలి. సదర్ ఎంత సమర్థుడైనా పద్దులు మార్చే హక్కు ఆయనకు లేదు. మష్వరా ఇక్కడ మర్యాద కోసం కాదు, అవసరం కాబట్టి చేస్తాం.

వరదో, మహమ్మారో వచ్చినప్పుడు మాత్రం ఒక్కరి మాటే నడవాలి. గండం గడిచాక ఆ ఖర్చు లెక్క కమిటీ ముందు పెట్టాలి.

కాబట్టి దాతలు చందాతో పాటు మూడు ప్రశ్నలు కూడా ఇవ్వాలి. జకాత్ పద్దు విడిగా ఉందా? సదర్ ఊళ్లో లేకపోయినా పని సాగుతుందా? సాయం కోసం వచ్చిన వితంతువు ఫొటోకు నిలబడకుండానే గౌరవంగా ఇంటికి వెళ్తోందా? ఈ మూడింటికీ అవుననే జవాబు వస్తే ఆ సంఘం సరైన చేతుల్లో ఉన్నట్టే.