వంటశాల గోడలకు రంగుల పొందిక

గ్రామములో పాఠశాలకు వంటశాల కట్టింపవలెనన్నపుడు పంచాయతీ సభ్యులు స్థలమును చూతురు, కొలతలు వేయింతురు, ఇటుకకును సిమెంటుకును ధరలు విచారింతురు. గోడలకు రంగు వేయునాటికి సొమ్ము చాలవరకు ఖర్చయి యుండును, ఓపికయు తగ్గియుండును. "ఏదో యొక రంగు వేయుము" అని మేస్త్రీతో చెప్పి ఊరకుందురు. అతడు వేరొక పనిలో మిగిలిన డబ్బాలు తెచ్చి, ఒక గోడకు ఒక రంగును, మరియొక గోడకు వేరొక రంగును పూసి పోవును. మరునాటి నుండి ఆ గదిలో పొగకును వేడికిని ఓర్చుకొని, వందమంది పిల్లలకు వండి వార్చవలసిన స్త్రీల మాట ఎవరికిని తట్టదు.

రంగు కేవలము అలంకారమే యైనచో ఇంత చర్చ అవసరము లేదు. వంటశాలలో అది చేయవలసిన పనులు మూడు కలవు: వెలుతురును పెంచుట, మురికిని చూపుట, శుభ్రము చేయుటకు అనుకూలించుట. ఈ మూడు పనులను నెరవేర్చు రంగులను ఒకదానికొకటి పొసగునట్లు ఎంచుకొనుటయే పొందిక. సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఇచ్చిన ఉత్తరువు ననుసరించి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పాఠశాలలలో 2003 జనవరి నుండి వండిన మధ్యాహ్న భోజనము పెట్టుచున్నారు. ఆ భోజనము తయారగు గదిని గూర్చి శ్రద్ధ వహించుట పంచాయతీకి విధి. ఇక్కడ చెప్పబోవు సంగతులు అంగన్‌వాడీ కేంద్రమునకును, మన యిండ్లలోని వంటగదులకును సమానముగా వర్తించును.

ముందు వెలుతురు

బియ్యములోని రాయి, పప్పులోని పురుగు, గిన్నె అంచున బల్లి చీకటి గదిలో కంటబడవు. కిటికీ చిన్నదైనను, గోడలు తమపై బడిన వెలుతురును తిరిగి గదిలోనికి పంపినచో మూలమూలలు కనబడును. క్రొత్తగా వేసిన తెల్లసున్నము తనపై బడిన వెలుతురులో నూటికి సుమారు 80 పాళ్లు తిరిగి యిచ్చును. మీగడ రంగు 70 పాళ్లు, లేత ఆకుపచ్చ 50 పాళ్లకు పైగా ఇచ్చును. ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ వంటివి 10 నుండి 20 పాళ్లకు మించి ఇయ్యవు. తక్కినదంతయు తామే మ్రింగివేయును. మసిబట్టిన గోడ ఆ మాత్రమైనను ఇయ్యదు. కాబట్టి పైకప్పు లోపలి భాగమునకును, గోడల పైభాగమునకును తెలుపు గాని, తెలుపునకు మిక్కిలి దగ్గరగా నుండు లేతరంగు గాని వేయవలెను. ఇది మొదటి సూత్రము.

మురికిని దాచు రంగు వలదు

"వంటయిల్లు కదా, మాపు కనబడని రంగు వేయుడు" అను మాట మనము తరచుగా విందుము. ఈ మాటలో పొదుపు ఉన్నట్లు తోచును గాని ప్రమాదము కూడ ఉన్నది. మాపు కనబడనంత మాత్రమున అది లేకుండ పోదు. నూనె చిటిపోట్లు, పప్పు చిందిన మరకలు, బొద్దింకల జాడలు ముదురు గోధుమరంగు గోడపై ఆరునెలలున్నను కానరావు; ఎవరును కడుగరు. అదియే లేతరంగు గోడపైనయినచో ఆనాడే కనబడును, ఆనాడే కడుగుదురు. వంటశాల గోడ మురికిని దాచిపెట్టు తెర కాదు. శుభ్రతను కనిపెట్టుచుండు కావలివాడు.

అయితే కడుగుటకు వీలులేని గోడను తెల్లగా ఉంచుమనుట వంటచేయు వారిని కష్టపెట్టుటయే యగును. అందుచేత గోడను రెండు భాగములుగా చూడవలెను. నేలనుండి సుమారు నాలుగడుగుల ఎత్తు వరకు నీళ్లు, నూనె, చేతులు తగులును. ఆ భాగమునకు నున్నని సిమెంటు పూతపై తడిగుడ్డతో తుడిచిన చెదరని రంగు గాని, టైలు గాని వేయవలెను. పొయ్యి వెనుకనున్న గోడకు రంగు నిలువదు. అచ్చట బండ గాని టైలు గాని అతికించుట మేలు. పైభాగమునకు సున్నము చాలును.

నేలనుండి మొదలిడవలెను

రంగుల పొందికకు తేలికయైన మార్గమొకటి కలదు. మార్చుటకు వీలుకాని దానిని ముందు చూచి, మార్చుటకు వీలైన దానిని తరువాత ఎంచుకొనవలెను. నేలపై పరచిన బండను రంగుకొరకు పెకలింపలేము. టైలు దుకాణములో దొరకిన రంగులలోనే కొనవలెను. గోడరంగును మాత్రము కావలసిన చాయకు కలుపుకొనవచ్చును. కావున ముందు నేల, పిదప టైలు, ఆ పిదప గోడ, చివరకు తలుపులు, కిటికీలు.

నేలకు నల్లని కడప బండ పరచియున్నచో, అది వెలుతురును మ్రింగును గనుక, గోడ పైభాగము తెలుపుగను, క్రిందిభాగము మీగడ రంగుగను ఉండవలెను. తలుపులకు ఇటుకరంగు నప్పును. నీలిచాయ గల తాండూరు బండయైనచో పైన తెలుపు, క్రింద లేత ఆకుపచ్చ, తలుపులకు ముదురు ఆకుపచ్చ పొసగును. పసుపుచాయ గల తాండూరు బండకు తెలుపు, లేత పసుపు, తలుపులకు గోధుమరంగు సరిపోవును. ఎర్ర సిమెంటు నేలకు మీగడ రంగు గోడలును, ఆ ఎరుపునకు దగ్గరి చాయ గల తలుపులును అందము నిచ్చును.

ఎక్కడైనను మూడు రంగులకు మించరాదు. లేతరంగునకు ఎక్కువ చోటు, నడిచాయకు అంతకంటె తక్కువ చోటు, ముదురురంగునకు మిక్కిలి తక్కువ చోటు ఈయవలెను. ఏ రంగులు కలియునో తెలియనపుడు ఒకే రంగు యొక్క లేత, ముదురు చాయలను వాడుట క్షేమము. ఇది మనకు క్రొత్త విద్య కాదు. సంక్రాంతికి గోడకంతటికిని వెల్లవేసి, అడుగున జాజు పట్టె తీర్చిన మన తల్లులు ఈ పొందికను ఏనాడో ఎరుగుదురు.

గది ముఖమును కూడ గమనింపవలెను. పడమటి ఎండ నేరుగా తగులు గదికి లేత ఆకుపచ్చ, లేత నీలము కంటికి చల్లదనము నిచ్చును. ఎండ అంతగా రాని ఉత్తరపు గదికి మీగడ రంగు వెచ్చదనము నిచ్చును.

సున్నము పని

తక్కువ ఖర్చుతో ఏటేట క్రొత్తచేయుటకు సున్నమును మించినది లేదు. ఒక కిలో సున్నపురాతికి సుమారు ఐదు లీటర్ల నీరు చొప్పున పోసి, ఒకరోజు నాననిచ్చి, ముతకగుడ్డలో వడగట్టి, కొంచెము జిగురును, తెలుపు తేరుటకు చిటికెడు నీలిమందును కలుపవలెను. సున్నము విరియునపుడు కుతకుతలాడి చిమ్మును; కంటిలో పడినచో చూపునకే అపాయము. ఆ పనిని పిల్లలు లేని వేళ, కండ్లకు అడ్డు పెట్టుకొని చేయవలెను. పాతగోడయైనచో ముందుగా మసిని, జిడ్డును కడిగివేయవలెను. జిడ్డుపై వేసిన సున్నము పెచ్చులై రాలును. మొదటి పూత ఆరిన తరువాతనే రెండవ పూత వేయవలెను.

సున్నములో అన్ని రంగులును నిలువవు. పసుపు సున్నముతో కలిసిన ఎర్రబారునని హారతిపళ్లెము చూచిన ప్రతివారికిని తెలియును. జాజు వంటి మన్నురంగులు సున్నమునకు తట్టుకొనును. ఏ రంగునైనను ముందు గోడపై మూరెడు మేర పూసి, పూర్తిగా ఆరనీయవలెను. తడిసున్నము మసకగా నుండి ఆరిన కొలదిని తెల్లబడును. దానిని ఉదయము, మధ్యాహ్నము, రాత్రి దీపపు వెలుగులోను చూచి, వంటచేయు వారి అభిప్రాయము నడిగి, ఆ తరువాతనే నిశ్చయింపవలెను.

సీసము గల రంగులు

తలుపులకును, గోడ క్రిందిభాగమునకును వాడు నూనెరంగుల విషయమున మరియొక జాగ్రత్త కలదు. వెనుకటి కాలమున మెరయు పసుపు, నారింజ, ఎరుపు రంగులలో సీసము కలుపుట సామాన్యముగా నుండెను. సీసము పిల్లల మెదడునకు హాని చేయును. ఇంత మోతాదు వరకు భయము లేదని చెప్పుటకు వీలులేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపియున్నది. ఇండ్లకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకు మించరాదని కేంద్ర ప్రభుత్వము 2016లో నిబంధనలు చేసినది. అవి 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినవి. డబ్బాపై ఆ ప్రకటన యున్నదో లేదో చదివి కొనవలెను. పేరులేని డబ్బాలను, ఎవరో మిగిల్చిన పాత డబ్బాలను వంటశాలకు తేరాదు. అంతకు పూర్వము వేసిన నూనెరంగును పొడిగా గీకించరాదు. ఆ ధూళియే విషము. తడిపి గీకించి, రాలిన పెచ్చులను పిల్లలకు అందకుండ తొలగింపవలెను.

తీర్మానములో వ్రాయవలసినవి

ఇకమీదట వంటశాలకు సొమ్ము మంజూరు చేయు తీర్మానములోనే ఈ నాలుగు మాటలు చేర్చవలెనని మేము సభ్యులను కోరుచున్నాము. పైకప్పునకును, గోడ పైభాగమునకును తెల్లసున్నము. నాలుగడుగుల వరకు కడుగుటకు వీలగు లేతరంగు. తలుపులకు సీసము పరిమితి ముద్రించిన డబ్బాలోని రంగు. ఏటేట బడులు తెరచుటకు ముందు మరల సున్నము, దానికి విడిగా కొంత సొమ్ము. ఇందు అధికవ్యయమేమియు లేదు. ముందుగా ఆలోచించుటయే కావలెను. వండువారికి తాము వండునది స్పష్టముగా కనబడవలెను. తిను పిల్లలు ఆ గదిలోనికి తొంగిచూచినను, వారి తల్లులు వచ్చి చూచినను, సంకోచింపవలసిన మరక యొకటియు గోడపై ఉండరాదు.